గింజ వచ్చింది, సున్నం రాలేదు

పోయిన సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మనవరాలు పెట్టె తెరిచి, చాక్లెట్లు పంచకముందే రెండు తగరపు డబ్బాలు తీసి వంటింటి బండ మీద పెట్టింది. లోపల తెల్లగా, బొద్దుగా ఉడికిన గింజలు. “మొక్కజొన్నలే అబ్బా. సున్నపునీళ్ళలో ఉడికించి పొట్టు తీసింటారు. హామినీ అంటారు. మెక్సికోవాళ్ళు దీన్ని కోడితో కలిపి పొసోలే అని పులుసు చేస్తారు. కనుమ రోజు నేను చేస్తా” అనింది. మా ఆవిడ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, “సున్నమా? ఏ సున్నం మే? గోడకు కొట్టేదా, ఆకులో ఏసుకునేదా?” అని అడిగింది. పిల్ల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. కొలంబసు, కోర్టెస్, పోర్చుగీసు ఓడలు అన్నిటినీ నల్లబల్ల మీద గీసి చూపించినవాణ్ణి. సున్నం సంగతి ఏ పాఠంలోనూ రాలేదు.

కనుమనాడు పిల్ల మా నాటుకోడినే వాడింది. ఎండు మిరపకాయలు నానబెట్టి నూరి, తెల్లగడ్డ, ఎర్రగడ్డ వేసి, కోడి ఉడికిన నీళ్ళలోనే ఆ గింజలు పోసి సన్నమంట మీద మరగనిచ్చింది. గిన్నెల్లో పోశాక పైన సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి బిళ్ళలు, పచ్చి ఎర్రగడ్డ, నిమ్మరసం. “పులుసు మీద ఈ పచ్చి ఆకేంది?” అని మా ఆవిడ దాన్ని పక్కకు తోసింది. నేను ఒక గింజ నమిలాను. మొన దగ్గర విచ్చుకుని, లోపల మెత్తగా, పైన కొంచెం పంటికి తగులుతూ ఉంది. పులుసు దాని కడుపులోకి పోయింది. ఇది నాకు కొత్త కాదే అనిపించింది. మాయమ్మ వండిన జొన్నన్నం ఇట్లనే ఉండేది.

జొన్నన్నం గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటి పిల్లలకు జొన్నరొట్టె తెలుసు, జొన్న సంగటి పేరు వినింటారు. జొన్నన్నం చూసినవాళ్ళు తక్కువ. మాది కోయిలకుంట్ల పక్క, కుందూ ఒడ్డున నల్లరేగడి ఊరు. జొన్న, కొర్ర, పత్తి, శనగ – ఇవే పంటలు. మాయమ్మ తెల్లవారుజామున జొన్నలకు నీళ్ళు చల్లి, చెమ్మ పట్టేదాకా ఆగి, రోట్లో పోసి దంచేది. నీళ్ళు ఎక్కువైతే గింజ నలిగి పిండవుతుంది, తక్కువైతే పొట్టు ఊడదు. ఆ కొలత ఆమె చేతిలో ఉండేది, ఏ గిన్నెలోనూ కాదు. దంచింది చేటలో పోసి చెరిగితే తవుడు గాలికి పోయి, తెల్లటి గింజ మిగిలేది. నలిగిన నూక, పిండి సంగటికి. నిలిచిన గింజ మాత్రం ఎసట్లో పడి, కంది కట్టెల మంట మీద గంటకు పైగా ఉడికేది. చుట్టాలొచ్చినపుడో, కనుమకో ఒక పుంజు తెగేది. బొచ్చు పీకి, మంట మీద కమిరించి, పసుపు పూసి కడిగేవాళ్ళు. ధనియాలు, ఎండు కొబ్బెర, గసాలు వేయించి రోట్లో మెత్తగా నూరి పోస్తే పులుసు చిక్కబడేది. ముదురు పుంజైతే పచ్చి బొప్పాయి ముక్క ఒకటి వేసేది. ఆ పులుసు జొన్నన్నం మీద పోసుకుంటే గింజ గింజకూ పట్టేది. దానికి పేరేమీ లేదు. కోడిపులుసూ జొన్నకూడూ, అంతే.

మా ఆవిడది రాయచోటి పక్క. అక్కడ ఎర్రనేల, రాగి. పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో నేను రాగిసంగటి నమలడం చూసి ఆడవాళ్ళంతా నవ్వినారు. సంగటి నమిలేది కాదు. ముద్దలో గుంత చేసి, పులుసు పోసి, తుంచి ముంచి మింగాలి. అదీ ఒక విద్యే, వండడం అంతకన్నా పెద్ద విద్య. నూకలు ఉడికిన ఎసట్లో రాగిపిండి నడిమధ్య గుట్టగా పోసి కదపకుండా వదిలేస్తారు. తెడ్డుతో మధ్యలో గుంత చేస్తే ఆవిరి పిండిలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత కుండను కాళ్ళతో అదిమిపెట్టి గెలికితే ఒక్క ఉండ లేకుండా వస్తుంది. తొందరపడి ముందే కలిపితే లోపల పచ్చిపిండి మిగులుతుంది. “కోయిలకుంట్లోళ్ళు నములుతారు, రాయచోటోళ్ళు మింగుతారు” అని మా ఆవిడ ఇప్పటికీ ఎకసెక్కాలాడుతుంది.

ఈ గింజల్లో ఏది మాది, ఏది మీది అని ఆమెతో నలభై ఏళ్ళు వాదించాను. తీరా చూస్తే రెండూ మావి కావు. జొన్న పుట్టింది ఆఫ్రికాలో, రాగి పుట్టిందీ అక్కడే. సముద్రం దాటి ఈ నేలకు వచ్చాయి. అంతకుముందు ఇక్కడివాళ్ళు ఏం తిన్నారో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. మా కడప జిల్లాలోనే పెద్దముడియం, హనుమంతరావుపేట అనే రెండు చోట్ల కొత్తరాతి యుగపు మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన బొగ్గు గింజల్ని లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞుడు డోరియన్ ఫుల్లర్, ఆయన తోటివాళ్ళు పరీక్ష చేశారు. అట్లా ఈ మెట్టసీమ అంతటా వాళ్ళకు ఎక్కువగా కనిపించినవి అండుకొర్ర, ఉలవ, పెసర. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందటి మా వంట అండుకొర్ర గంజి, ఉలవచారు లాంటివే అయి ఉండాలి. ఉలవలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. అండుకొర్రలు మాత్రం ఈమధ్య ‘సిరిధాన్యం’ అని పేరు పెట్టుకుని, ప్యాకెట్లో పడి, బియ్యం కన్నా ఎక్కువ ధరకు వస్తున్నాయి.

కోడి సంగతి వేరు. దాని పుట్టిల్లు ఆసియా అడవులు. మెక్సికోలో 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ దిగేదాకా కోడి లేదు, వాళ్ళకు తెలిసింది సీమకోడి. స్పెయిన్ ఓడల్లో దిగిన ఈ కొత్త పక్షిని అక్కడి నాహువా జనం ‘కాస్తీల్’ అన్నారు, కాస్తీల్యా దేశం నుంచి వచ్చిందని. ఇందులో మనకు ఇంకా దగ్గరి చుట్టరికం ఒకటుంది. ఇప్పుడు ప్రపంచమంతా తినే కోళ్ళలో చాలా జాతులకు చర్మం, కాళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనాన్నిచ్చే జన్యువు ఎర్ర అడవికోడి నుంచి కాక, దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేల్చారు. డల్లాస్‌లో మా పిల్ల వండే కోడి పచ్చచర్మందైతే, అది కొంతమేరకు మన అడవిదే.

సరిగ్గా కోర్టెస్ మెక్సికోలో ఉన్న రోజుల్లోనే, 1520 ప్రాంతంలో, డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు వర్తకుడు విజయనగరానికి వచ్చాడు. మా కర్నూలు, కడప నేల అప్పుడు రాయల ఏలుబడిలోదే. అంగళ్ళలో ఏముందో, ఏది ఎంతో అన్నీ రాసిపెట్టాడు. ఒక చిన్న నాణేనికి పట్నంలో మూడు కోళ్ళు, పట్నం దాటితే నాలుగు కోళ్ళు వచ్చేవట. పట్నంలో ధర ఎక్కువ, పల్లెలో తక్కువ. అయిదు వందల ఏళ్ళలో అది మాత్రం మారలేదు. ఆయన చూసిన ధాన్యాల్లో జొన్న ఉంది. జొన్నకు పోర్చుగీసువాళ్ళు వాడిన ‘మిల్యు’ అనే మాటే ఆ తర్వాత మొక్కజొన్న పేరై కూర్చుంది. మనవాళ్ళు చేసిందీ అదే కదా, కొత్త గింజను చూసి ‘మొక్కజొన్న’ అన్నారు. మిరియాన్ని రుచి చూసిన నోటితోనే ‘మిరపకాయ’ అన్నారు. కొత్తదానికి పాత పేరు తొడిగితే పది తరాల తర్వాత అది ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు మా కోడిపులుసు లెక్క చూడండి. మిరప మెక్సికోది. పుంజును మెత్తబరిచే బొప్పాయి ఆ చుట్టుపక్కలదే. ఈమధ్య అందరూ వేస్తున్న టమోటాను వంటకు అలవాటు చేసింది అక్కడే. పక్కన నంజుకునే శెనక్కాయల ఊరుబిండి దక్షిణ అమెరికా గింజ. మిరపను తీసేస్తే కడప కారానికి ఉనికే లేదు, శెనక్కాయను తీసేస్తే నూరేళ్ళుగా మా మెట్టరైతు పెట్టిన సేద్యానికి ఉనికి లేదు. వాళ్ళ పులుసులో కోడి మనది, మన పులుసులో కారం వాళ్ళది. వడ్డీ లేకుండా చెల్లు.

కానీ ఒక బాకీ తీరలేదు. అదే సున్నం.

మెక్సికోవాళ్ళు ఎండిన మొక్కజొన్నను ఊరికే ఉడికించరు. సున్నం కలిపిన నీళ్ళలో కాసేపు ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, తెల్లారి కడుగుతారు. పొట్టు చేతిలోకి ఊడి వస్తుంది. అట్లా సిద్ధమైన గింజ పేరు నిష్టమాల్. నాహువా భాషలో ‘నెష్ట్లి’ అంటే బూడిద. సున్నం దొరకని చోట కట్టెబూడిద వాడేవాళ్ళు. ఈ పని అక్కడ మూడు వేల ఏళ్ళకు తక్కువ పాతది కాదు. పొసోలేకైతే గింజ మొనను కూడా గిల్లేస్తారు, అప్పుడే ఉడికి పువ్వులా విచ్చుకుంటుంది. అట్లా విచ్చుకున్న గింజలు నురగలా కనిపిస్తాయేమో, పేరులోనూ నురుగే ఉంది: ‘పొసోల్లి’ అంటే నురగలు కట్టింది. గెర్రెరో రాష్ట్రంలో గురువారం వస్తే ఇంటింటా ఇదేనట. దీని పాత చరిత్ర మాత్రం అంత రుచిగా ఉండదు. దేవుళ్ళ పండుగల్లో బలి ఇచ్చిన మనుషుల మాంసంతో మొక్కజొన్నలు వండేవాళ్ళని 16వ శతాబ్దపు సన్యాసి సాహగూన్ రాసిపెట్టాడు. ఇది మనవరాలికి చెప్పలేదు.

సున్నం చేసే మేలు పొట్టు ఊడదీయడంతో ఆగదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంది గానీ, ఒంటికి పట్టకుండా బిగుసుకుని ఉంటుంది. సున్నం ఆ ముడి విప్పుతుంది. ఓడలెక్కి ఐరోపాకు పోయిన మొక్కజొన్న సున్నం లేకుండానే పోయింది. ఫలితం ఏమిటంటే 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ పేద రైతుల్లో ఒక కొత్త జబ్బు చూశాడు. ఎండ తగిలిన చర్మం నల్లబడి పొలుసులు లేచేది, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ పడేది. తర్వాత విరేచనాలు, మతి చలించడం, చావు. దాన్నే పెలాగ్రా అన్నారు. ఇటలీలో మొక్కజొన్న సంగటి తినేవాళ్ళు, అమెరికా దక్షిణాది కూలీలు దానికి బలైనారు. అదే గింజను పుట్టింట్లో వేల ఏళ్ళు తిన్నవాళ్ళకు ఆ బాధ లేదు. ఓడలో గింజకు మూట కట్టారు, ఎందుకంటే గింజ అమ్ముడుపోతుంది. సున్నపునీళ్ళ కుండ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళను ఏం చేస్తున్నారని అడిగినవాడు లేడు.

ఇదంతా ఎవరి కథో అనుకున్నాను. కాదు. దక్కనులో జొన్న తప్ప మరో తిండి లేని పేదల్లోనూ పెలాగ్రా ఉండేది. హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం కదా, అక్కడ పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీని మీద రాశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని వాళ్ళ వాదం. దాని మీద తర్వాత చాలా చర్చ నడిచింది. నేను వైద్యుణ్ణి కాను, తీర్పు చెప్పను. కానీ మా ఊళ్ళో కరువు ఏళ్ళలో మెడ మీద, చేతుల మీద నల్లగా పొలుసులు లేచిన కూలీ ఆడవాళ్ళను చిన్నప్పుడు చూసినట్టు గుర్తు. ‘ఎండ దెబ్బ’ అనేవాళ్ళు. కోడి ఉన్న ఇంట్లో ఆ ఎండ ఎవరికీ తగల్లేదు. మాంసం, పప్పు, పాలు దొరికినవాళ్ళను జొన్న ఏమీ చేయదు.

విచిత్రం ఏమంటే సున్నానికి మాకేమీ కొదవ లేదు. కాలి కింద తవ్వితే సున్నపురాయే. బేతంచెర్ల నాపరాళ్ళు, కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నీ దాని మహిమే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక సున్నపురాతి పొరకు మా కడప జిల్లా నర్జి ఊరి పేరే పెట్టారు. ఆ సున్నం గోడకెక్కింది, తమలపాకులోకి ఎక్కింది, జొన్న కుండలోకి మాత్రం ఎక్కలేదు. ఇంకో విచిత్రం: హోండురాస్, ఎల్ సాల్వడార్ మెట్టప్రాంతాల్లో వాన చాలని రైతులు మన జొన్ననే పండించి, మొక్కజొన్నలాగే సున్నంలో ఉడికించి రొట్టెలు చేసుకుంటారు. జొన్నకు అక్కడ సున్నం దొరికింది.

సున్నం సంగతి అట్లుంచితే, మా సీమలో తిండి కథ చాలావరకు కరువు కథే. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ అది చాలదని కొట్లాడాడు. కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉంది. తవ్విన కంపెనీ దివాలా దారి పట్టి, 1882లో సర్కారు దాన్ని కొనింది. ఆ కాలువ వెంబడి వరి వచ్చింది, వరి ఉన్న ఊరికి పిల్లనిస్తామనే మాటా వచ్చింది. కాలువ అందని ఊళ్ళలో జొన్న, కొర్ర, రాగి మామూలే.

అది మారింది 1983లో. ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినపుడు నేను ఉద్యోగంలో కుదురుకుంటున్న రోజులు. పిండిమర వచ్చి దంపుడు సగం తగ్గించింది, రేషను బియ్యం వచ్చి మిగతా సగం ఆపింది. దాన్ని తప్పుపట్టేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, బియ్యం పెట్టి ఆరోగ్యం చెడగొట్టారని. వాళ్ళలో తెల్లవారుజామున మూడుకు లేచి జొన్నలు దంచినవాళ్ళు ఒక్కరూ లేరు. బియ్యం వచ్చిన ఏడాది మాయమ్మ రోకలిని గోడకు ఆనించి, “ఇంగ నీ పని అయిపోయిందిలే” అని దానితో మాట్లాడింది. సంతోషంగానే.

ఇప్పుడు సంగటి మళ్ళీ వచ్చింది, హోటలు బోర్డెక్కి. ‘రాగిసంగటి – నాటుకోడి పులుసు’ అని కడప నుంచి హైదరాబాదు దాకా రాస్తున్నారు. చాలాచోట్ల ముద్ద ఉంది, నూక లేదు. పులుసు ఉంది, నాటుకోడి పేరులోనే ఉంది. నంద్యాల చేలల్లో మొక్కజొన్న బాగా పండుతోంది, అది చాలావరకు పోయేది కోళ్ళ దాణాకు. అంటే మొక్కజొన్నా కోడీ కలిసి వండే పనిని కోడి కడుపులోనే కానిచ్చేస్తున్నాం.

పిల్ల తిరిగి అమెరికా పోయాక నేనే ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. మొదటిసారి అర కిలో ఎండు మొక్కజొన్నలకు ఆకుసున్నం రెండు చెంచాలు ధారాళంగా కలిపాను. గింజలు పసుపు కొమ్ముల రంగుకు తిరిగి, ఇల్లంతా కొత్తగా వెల్ల వేసిన వాసన. నోట్లో పెట్టుకుంటే సబ్బు. మా ఆవిడ ఆ కుండను పెరట్లో పెట్టించింది. రెండోసారి తూచి వేశాను: కిలో గింజకు పది గ్రాముల చొప్పున, అర కిలోకు అయిదే గ్రాములు, వాసనా రంగూ కలపని తినే సున్నం, నీళ్ళు లీటరున్నర. ముప్పావుగంట ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున ఆ పచ్చనీళ్ళు పారబోసి, నీళ్ళు తేటపడేదాకా అయిదుసార్లు రుద్ది కడిగితే పొట్టు జిగటగా ఊడి వచ్చింది. తర్వాత నాటుకోడితో మూడు గంటలు. మన సంకరజాతి మొక్కజొన్న మెక్సికో తెల్లగింజ అంత పెద్దగా విచ్చుకోలేదు గానీ, విచ్చుకుంది. మసాలా మాత్రం ధనియాలు, కొబ్బెరే వేశాను. ముల్లంగి వేయలేదు, ఇంట్లో శాంతి ముఖ్యం. మా ఆవిడ రెండు గింజలు నమిలి, “బాగానే ఉంది, జొన్నన్నం మాదిరి” అని, పులుసు మాత్రం సంగటిలోకి పోసుకుంది.

ఆ తర్వాత జొన్నన్నమే చేద్దామని రోలు కడిగించాను. నీళ్ళు ఎన్ని చల్లాలి, చెమ్మ ఎంతసేపు పట్టాలి, ఎన్ని దంపులకు చెరగాలి, నాకు తెలియలేదు. రెండు శేర్ల జొన్నలు పిండయ్యాయి. అమ్మ పోయి పద్దెనిమిదేళ్ళు. బతికున్నన్నాళ్ళు నేను పానిపట్టు యుద్ధాల తేదీలు వల్లించానే గానీ ఈ మాట అడగలేదు. కుందూ పక్కనో, పెన్నా పక్కనో మీ ఇంట్లో జొన్నలు దంచిన అవ్వ ఎవరైనా ఇంకా ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. శేరు జొన్నలకు ఎన్ని దోసిళ్ళ నీళ్ళో, ఎంతసేపో, కాగితం మీద రాసుకోండి.